చిన్నబడి పిల్లలకు రంగుల సామగ్రి: ఏది, ఎంత, ఎప్పుడు

జూన్‌లో బళ్ళు తెరిచే వేళకు చెన్నైలో తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ల సంఘాలు, పూర్వ విద్యార్థుల బృందాలు చందాలు వేసుకుని దగ్గర్లోని బడికి రంగుల పెట్టెలు పంచడం మామూలే. పిల్లకో పన్నెండు రంగుల పెట్టె, ఒక కలరింగ్ పుస్తకం, పెన్సిలు, రబ్బరు. కొన్నాళ్ళకు చూస్తే పెట్టెల్లో సగం క్రేయాన్లు విరిగిపోయి ఉంటాయి. నలుపు, ఎరుపు అరిగి ఉంటాయి. కలరింగ్ పుస్తకం నిండిపోయి ఉంటుంది. పిల్లలు మళ్ళీ నోటుపుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో గీసుకుంటూ ఉంటారు. ఇచ్చినవాళ్ళ మనసులో లోపమేమీ లేదు, లెక్కలోనే ఉంది. రంగులు కొన్నవాళ్ళు కాగితం కొనలేదు. ఒకసారి ఇచ్చినవాళ్ళు రెండోసారికి డబ్బు అట్టేపెట్టలేదు.

మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ముందు కావలసింది బోలెడంత కాగితం. ఆ తరువాత కొద్దిపాటి మంచి రంగులు. అవి అయిపోతే మళ్ళీ వస్తాయన్న భరోసా ఉండాలి. ఆ భరోసా లేని పిల్లలు రంగును దాచుకుంటారు, అరగకుండా మెల్లగా రాస్తారు, పాడైపోతుందేమోనని కొత్త బొమ్మ మొదలుపెట్టరు. ఖర్చు, కొనుగోలు, పంపకం ఈ వరుసలోనే సాగాలి.

చేతికి తగిన సరుకు

మూడు, నాలుగేళ్ళ పిల్లలు క్రేయాన్‌ను గుప్పిట్లో పట్టుకుని భుజం నుంచి చెయ్యి తిప్పుతూ గీస్తారు. మణికట్టు, వేళ్ళు ఇంకా స్వాధీనంలోకి రావు. వీళ్ళకు ఎ4 కాగితం ఇస్తే గీత బల్ల మీదికి పోతుంది, పెద్దవాళ్ళు కసురుతారు. పెద్ద కాగితాన్ని నేల మీద పరిచో, గోడకు అంటించో ఇస్తే చాలు. క్రేయాన్ లావుగా ఉండాలి. మామూలు క్రేయాన్ మందం 8 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే జంబో రకం 11 పైనే ఉంటుంది. గట్టిగా నొక్కినా తొందరగా విరగదు.

ఐదారేళ్ళకు మూడువేళ్ళ పట్టు కుదురుతుంది. త్రికోణాకారపు క్రేయాన్ ఆ పట్టుకు సాయపడుతుంది, బల్ల మీంచి దొర్లిపడదు కూడా. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి పిల్లలకు వివరాల మీద మోజు పుడుతుంది: బస్సుకు నంబరు వెయ్యాలి, చొక్కాకు గుండీలు పెట్టాలి, అమ్మమ్మ చీరకు అంచు దిద్దాలి. లావు క్రేయాన్ ఆ పనికి రాదు. అప్పుడు రంగు పెన్సిళ్ళు, ఆయిల్ పాస్టెళ్ళు (నూనె కలిసిన మెత్తటి రంగు కడ్డీలు) ఇవ్వాలి.

రంగు పెన్సిళ్ళను ఆరేళ్ళ లోపు వాళ్ళకు ఇవ్వకపోవడమే మంచిది. గట్టిగా నొక్కితే తప్ప రంగు దిగదు, చిన్న చేతులు అలిసిపోతాయి. నాలుగుసార్లు కింద పడితే పెన్సిల్ లోపలి ముల్లు ముక్కలవుతుంది. పైకి ఏమీ తెలియదు. చెక్కిన ప్రతిసారీ ముల్లు ఊడి వస్తుంది, పిల్లలు చెక్కుతూనే ఉంటారు, వారంలో పెన్సిల్ బెత్తెడు అవుతుంది. తమిళనాడు ప్రభుత్వం ఒకటి, రెండు తరగతులకు క్రేయాన్లు, మూడు నుంచి ఐదు తరగతులకు రంగు పెన్సిళ్ళు ఉచితంగా ఇవ్వడంలో ఈ తేడా పాటించింది. అందుకని దాతలు దుకాణానికి వెళ్ళేముందు బడికి వెళ్ళాలి. సర్కారు సరఫరాలో ఏం వచ్చింది, ఏం రాలేదు అని హెడ్‌మాస్టర్‌ని అడిగి లేనిదే కొనాలి. క్రేయాన్లున్న బడికి మళ్ళీ క్రేయాన్లే వెళితే రెండో పెట్టె పిల్లల ఇంటికో బీరువాలోకో చేరుతుంది.

స్కెచ్ పెన్నులంటే పిల్లలకు ప్రాణం, ఎందుకంటే తాకితే చాలు ముదురు రంగు పడుతుంది. కానీ మెల్లగా రాసినా, నొక్కి రాసినా ఒకే గీత. చేతికి బలం హెచ్చుతగ్గులు తెలిసే అవకాశం లేదు. మూత పెట్టడం మరిచిపోతే ఎండిపోతాయి. మొత్తం సామగ్రిలో వీటికి చివరి చోటు ఇస్తే సరిపోతుంది.

కాగితం

ముప్ఫైమంది ఉన్న తరగతి అనుకుందాం. సెలవులు, పరీక్షలు, వానలకు బడి మూసిన రోజులు తీసేస్తే ఏడాదికి 32 వారాలు చేతికొస్తాయి. వారానికి రెండు పీరియడ్లు బొమ్మలకు ఇస్తే 64 పీరియడ్లు. ఒక పిల్ల ఒక పీరియడ్‌లో సగటున ఒకటిన్నర కాగితం వాడుతుంది. చిన్నపిల్లలు ఒక బొమ్మను రెండు నిమిషాల్లో ముగించి ఇంకోటి అడుగుతారు, పెద్దపిల్లలు ఒకదాని మీదే కూర్చుంటారు. 30 × 64 × 1.5 అంటే 2,880 కాగితాలు. రీముకు 500 చొప్పున ఆరు రీములు. ఒక్క తరగతికి ఒక ఏడాదికి. పిల్లకు 20 పేజీల కలరింగ్ పుస్తకం ఇచ్చి పని అయిపోయిందనుకుంటే పది వారాలైనా గడవవని ఈ లెక్క చెబుతుంది.

కాగితం మందాన్ని జీఎస్ఎమ్‌లో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెబుతారు. నోటుపుస్తకం కాగితం 55–60 ఉంటుంది, జిరాక్స్ కాగితం 70–80. క్రేయాన్లకు, పెన్సిళ్ళకు 75 జీఎస్ఎమ్ చాలు. నీళ్ళ రంగులకు అది పనికిరాదు. తడి తగలగానే నారలు ఉబ్బి కాగితం అలలు తిరుగుతుంది, రంగు గుంటల్లో నిలుస్తుంది, పిల్ల రెండోసారి బ్రష్ తిప్పితే పొర లేచి చిల్లు పడుతుంది. తన చేతకానితనం వల్లే ఇలా అయిందనుకుంటుంది ఆ పిల్ల, తప్పేమో కాగితానిది. పోస్టర్ కలర్లకు కనీసం 120–150 జీఎస్ఎమ్ డ్రాయింగ్ షీటు వాడాలి. ప్రతి పీరియడ్‌కూ అక్కర్లేదు. ఏడాదికి పది రంగుల పీరియడ్లు పెట్టుకుంటే 300 ముక్కలు. 22 × 28 అంగుళాల పెద్ద షీటును నాలుగు చేస్తే 11 × 14 అంగుళాల ముక్కలు వస్తాయి, కాబట్టి 75 షీట్లు సరిపోతాయి. చినిగినవాటికి ఓ పది అదనం.

కొనడానికి జార్జిటౌన్‌లో ఆండర్సన్ వీధి ఉంది. శుభలేఖల కోసం తెలుగువాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఎక్కి దిగిన వీధే. అక్కడ కాగితం టోకున దొరుకుతుంది, కోరిన కొలతకు కత్తిరించి ఇచ్చే కటింగ్ మెషిన్లు కూడా పక్కనే ఉంటాయి. షీట్లు అక్కడే కోయించుకుంటే టీచరుకు గంటల పని తప్పుతుంది. శుభలేఖలు కోయగా మిగిలిన రంగురంగుల అట్టల అంచులు అడిగితే తూకానికి ఇస్తారు. కత్తిరించి అంటించే పనికి వాటిని మించినవి లేవు. తమిళనాడులోనే కరూర్ దగ్గర టీఎన్‌పీఎల్ మిల్లు చెరకు పిప్పితో కాగితం చేస్తుంది. పిల్లల బొమ్మలకు ఆ రకం భేషుగ్గా పనికొస్తుంది.

ఆఫీసుల్లో ఒకవైపు ప్రింటైన కాగితాలు సేకరించి ఇవ్వడం మంచి పద్ధతే, క్రేయాన్లకు ఖాళీవైపు చాలు. ఇచ్చేముందు రెండు పనులు చెయ్యాలి. స్టేపుల్ పిన్నులన్నీ పీకాలి. బ్యాంకు వివరాలు, ఆసుపత్రి రిపోర్టులు, ఆధార్ నకళ్ళు ఉన్నవాటిని వేరుచేసి చించెయ్యాలి.

కాగితం అసలే అక్కర్లేని చోటు ఒకటుంది, అది నేల. ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిట్లో చుక్కలు పెట్టే అమ్మను చూసి పెరిగే పిల్లలు వీళ్ళు. వరండాలో, ఆటస్థలంలో తడిపిన గచ్చు మీద సుద్దముక్కతో గీయనిస్తే కాగితం మీద రాని ధైర్యం వస్తుంది. నాలుగడుగుల ఏనుగును గీయడానికి అంతకన్నా చౌకైన స్థలం లేదు. బజారులో దొరికే రంగు ముగ్గుపొడులను మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. వాటిలో ఏ రంగు కలిపారో పొట్లం మీద ఉండదు, పైగా సన్నటి దుమ్ము ముక్కులోకి పోతుంది. తెల్ల ముగ్గుకు బియ్యప్పిండి ఇవ్వండి.

క్రేయాన్లు: అందరికీ కలిపి

పిల్లకో పెట్టె కన్నా బల్లకో డబ్బా మేలు. ముప్ఫైమందిని ఐదుగురేసి ఆరు బల్లలుగా కూర్చోబెట్టి, ఒక్కో బల్లకు 12 రంగుల జంబో పెట్టెలు రెండు విప్పి ఒకే డబ్బాలో పొయ్యండి. మొత్తం పన్నెండు పెట్టెలు. సొంత పెట్టె అయితే ఇంట్లో మరిచి వచ్చినవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు ఖాళీ చేతులతో కూర్చుంటారు. డబ్బా బడిలోనే ఉంటుంది కనుక ఆ బాధ లేదు. చుట్టూ కాగితం ఊడిపోయిన, విరిగిన ముక్కల్ని పారేయకండి. అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఆకాశం, సముద్రం ఒక్క ఊపులో నిండుతాయి. ఆకు మీద కాగితం పెట్టి రుద్దితే ఈనెలు పైకి తేలతాయి.

పన్నెండు రంగులూ ఒకే వేగంతో అరగవు. నలుపు ముందు అయిపోతుంది, ఎందుకంటే పిల్లలు మొదటి గీతలు, జుట్టు, బస్సు టైర్లు దానితోనే వేస్తారు. కాబట్టి విడిగా అమ్మే చోట నలుపు, ఎరుపు, నీలం, గోధుమరంగు అదనంగా కొనాలి. 24, 48 రంగుల పెట్టెలు దాతకు ఘనంగా కనిపిస్తాయి. ఐదేళ్ళ పిల్లకు వాటితో ఉపయోగం తక్కువ. అన్ని ఛాయల్లో ఏది తియ్యాలో తేల్చుకోవడంతోనే పొద్దుపోతుంది. రెండు రంగులు ఒకదానిపై ఒకటి రుద్ది మూడోది పుట్టించే అవసరం కూడా ఉండదు.

చర్మం రంగు సంగతి ఇక్కడే చెప్పాలి. కొన్ని పెట్టెల్లో లేత గులాబీ క్రేయాన్‌ను ‘స్కిన్’ అని పిలుస్తారు. అమెరికాలో క్రేయోలా సంస్థ ‘ఫ్లెష్’ అన్న పేరును 1962లోనే ‘పీచ్’గా మార్చింది. మన తరగతి గదుల్లో మాత్రం “స్కిన్ కలర్ ఇవ్వు” అంటే ఇప్పటికీ ఆ లేత గులాబీయే చేతికొస్తుంది. నల్లటి పిల్ల తనను తాను గులాబీరంగులో వేసుకుంటుంది. ముదురు గోధుమ, ఎర్రమట్టి, తేనెరంగు, లేత గోధుమ నాలుగూ ప్రతి డబ్బాలో ఉంచి, అద్దం ఒకటి బల్ల మీద పెట్టి, “నీ చెయ్యికి ఏది దగ్గరగా ఉందో పెట్టి చూసుకో” అనాలి. వాటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆ పిల్లకు దక్కేది చాలా ఎక్కువ.

పోస్టర్ కలర్లు

దాతలు పిల్లలకు కొనిపెట్టే చిన్న సీసాల సెట్టు, పది పదిహేను మిల్లీలీటర్లవి, తరగతి గదిలో ఒక పూటకు కూడా రాదు. ఒక్కో బల్లకు ఐదు రంగులు, రంగుకు 15 మి.లీ. చొప్పున 75 మి.లీ. కావాలి. ఆరు బల్లలకు 450 మి.లీ. పది పీరియడ్లకు నాలుగున్నర లీటర్లు, అంటే అర లీటరు సీసాలు తొమ్మిది. వాటిలో పసుపు మూడు, తెలుపు రెండు, ఎరుపు రెండు, నీలం ఒకటి, నలుపు ఒకటి. ఆకుపచ్చ, నారింజ, ఊదా కొనక్కర్లేదు, పిల్లలే కలుపుకుంటారు. పసుపు ఎక్కువ ఎందుకంటే అది బలహీనమైన రంగు. చుక్క నీలం పడితే గిన్నెడు పసుపు ఆకుపచ్చగా మారిపోతుంది. కలిపేటప్పుడు ఎప్పుడూ లేతరంగులోకి ముదురురంగు చుక్కచుక్కగా వెయ్యాలి. తిప్పి చేస్తే నీలాన్ని ఆకుపచ్చగా మార్చడానికి సీసాడు పసుపు పొయ్యాల్సి వస్తుంది.

ఊదా రంగు దగ్గర చాలామంది టీచర్లకు చిక్కు వస్తుంది. ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని చెబుతారు, పిల్లలు కలిపితే బురదరంగు వస్తుంది. కారణం ఆ ఎరుపు. స్కార్లెట్, వెర్మిలియన్ ఎరుపులు నారింజ వైపు మొగ్గుతాయి, అంటే వాటిలో పసుపు ఛాయ ఉంటుంది. దానికి నీలం చేరితే ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిసినట్టే, మట్టిరంగు తప్పదు. రెండు ఎరుపు సీసాల్లో ఒకటి క్రిమ్సన్ లేదా రోజ్ రకం అయితే, నీలం అల్ట్రామెరైన్ అయితే చక్కటి ఊదా వస్తుంది. సీసా మీద ఒక్క పేరు చదివి కొంటే ఈ నిరాశ ఉండదు.

రంగు పొయ్యడానికి పాత ఇడ్లీ రేకులు బాగుంటాయి. నాలుగైదు గుంటలుంటాయి, బరువుగా ఉంటాయి కనుక తిరగబడవు. (ఒకసారి రంగుకు వాడిన రేకు మళ్ళీ వంటింటికి పోకూడదు.) రంగు గరిటజారుగా ఉండాలి. మరీ పల్చనైతే కాగితం మీద కారుతుంది, చిక్కనైతే ఎండాక పెచ్చులు లేస్తుంది. రెండు మూడు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపితే బట్టల మీద పడ్డ మరక కడగడం తేలిక. యూనిఫాం తెల్లచొక్కా అయితే ఇది ముఖ్యం, ఎందుకంటే మరకపడ్డ చొక్కాతో ఇంటికి వెళ్ళిన పిల్ల తర్వాతి పీరియడ్‌లో బ్రష్ ముట్టదు. నాన్నల పాత చొక్కాలు వెనక్కి తిప్పి తొడిగితే సరిపోతుంది. బల్లకు రెండు నీళ్ళ మగ్గులు పెట్టాలి, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్ళకు. సగానికి మించి నింపొద్దు. పిల్లకొక పాతగుడ్డ ముక్క ఇచ్చి, కడిగిన బ్రష్‌ను దానికి అద్దిన తరువాతే వేరే రంగులో ముంచమని చెప్పాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే పావుగంటలో గుంటలన్నీ ఒకే బూడిదరంగుకు వస్తాయి.

బ్రష్షులు పిల్లకు ఒకటి చొప్పున ముప్ఫై, అదనంగా ఆరు. చిన్నవాళ్ళకు ముప్పావు అంగుళం వెడల్పున్న ఫ్లాట్ బ్రష్, ఏడెనిమిదేళ్ళవాళ్ళకు పదో నంబరు గుండ్రటిది. జీరో, ఒకటి, రెండు నంబర్లు కలిసిన సన్నటి సెట్లు కొనొద్దు. బ్రష్షుల చావు మగ్గులోనే ఉంటుంది. నీళ్ళలో నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు ఒకవైపు వంగిపోతాయి, లోపలి జిగురు నాని రేకు తొడుగు వదులవుతుంది, కర్ర ఉబ్బి రంగు పొరలు రాలుతుంది. కడిగి, వేళ్ళతో కొస దిద్ది, ఆరేదాకా పడుకోబెట్టాలి. గిన్నెలో మిగిలిన రంగును సీసాలో తిరిగి పొయ్యకూడదు. నీళ్ళు కలిసిన రంగు చెన్నై ఉక్కలో నాలుగు రోజులకు కుళ్ళువాసన కొడుతుంది, పైన బూజు తేలుతుంది, దాంతో మంచి సీసా కూడా పాడవుతుంది.

మట్టి, జిగురు, కత్తెర

పురసవాక్కం పక్కన కొసపేటలో కుమ్మరుల దగ్గర బొమ్మలమట్టి దొరుకుతుంది. వినాయక చవితికీ, దసరా బొమ్మల కొలువుకూ ముందు వాళ్ళకు ఊపిరి సలపదు, కాబట్టి జూన్, జులై మొదట్లో అడగడం మంచిది. పిల్లకు పావుకిలో చొప్పున ముప్ఫైమందికి ఏడున్నర కిలోలు, పది కిలోలు తెచ్చుకుంటే వెసులుబాటు. మట్టి గొప్పతనమేమిటంటే అది అయిపోదు. ఎండిన బొమ్మల్ని చితగ్గొట్టి బకెట్లో నీళ్ళు పోసి రెండు రోజులు నాననిచ్చి, పైన తేరిన నీళ్ళు వంచేసి, గుడ్డ మీద ఆరబెట్టి పిసికితే మళ్ళీ కొత్త ముద్ద. నిలవకు తడిగుడ్డ చుట్టి మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టాలి.

బొమ్మను ఎండలో పెడితే పైపొర ముందే ఎండి కుంచించుకుపోతుంది, లోపల తడిగానే ఉంటుంది, దాంతో పగుళ్ళు. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఏనుగుకు తొండం ఊడిపోకుండా ఉండాలంటే అతికే రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, నీళ్ళలో కలిపిన జారుమట్టి పూసి నొక్కాలి. చేతులు కుళాయి కింద కడగనిస్తే మట్టి పైపులో పేరుకుని సింకు మూసుకుపోతుంది. బకెట్లో కడిగించి, అడుగున తేరిన మట్టిని చెట్టు మొదట్లో పోస్తే సరి. ఇంట్లో చేసుకునే మైదా, ఉప్పు ముద్ద వానాకాలంలో ఇక్కడ నిలవదు, ఉప్పు గాలిలో తేమను లాగి జిగటగా చెమరుస్తుంది.

జిగురుకు మైదా గంజి చవక. కప్పు మైదాను కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీళ్ళలో పోస్తూ, సన్నసెగ మీద నిగనిగలాడేదాకా నాలుగైదు నిమిషాలు తిప్పాలి. ఆ రోజుకు కావలసినంతే కాచుకోవాలి, ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. గోడ పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా ఇదే గంజిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పోస్టర్ల జిగురు మిగిలిందని ఎవరైనా ఇస్తే తీసుకోకూడదు, నిలవ కోసం ఇంట్లో కలపకూడదు. గోధుమ పడని పిల్లలు తరగతిలో ఉంటే బియ్యప్పిండి గంజి కాచండి. జిగురు సీసాలు కొంటే నీళ్ళతో కడిగితే పోయే తెల్లజిగురే కొనాలి. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగుర్లు, క్షణాల్లో అతుక్కునేవి చిన్నపిల్లల గదిలోకి రాకూడదు.

కత్తెరలు ఐదంగుళాలవి, కొస మొద్దుగా ఉన్నవి పదిహేను చాలు, ఇద్దరికొకటి. అందులో రెండు మూడు ఎడమచేతివి ఉండాలి, ఎందుకంటే పదిమందిలో ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది. మామూలు కత్తెరను ఎడమచేత్తో పడితే వేళ్ళ ఒత్తిడికి రెండు అలుగులూ విడిపోయి కాగితం తెగకుండా మధ్యలో మడతపడుతుంది, గీసిన గీత కూడా పై అలుగు చాటున దాగిపోతుంది. ఆ పిల్ల మొద్దుచెయ్యి అని పేరు తెచ్చుకుంటుంది. వేళ్ళలో పట్టు చాలని పిల్లలకు క్రేయాన్ చుట్టూ పాతగుడ్డ పేలిక చుట్టి, కాగితం నాలుగు మూలలా టేపుతో బల్లకు అంటించి ఇస్తే వాళ్ళూ అందరితోపాటు గీస్తారు.

లేబుల్ మీద ఏం చూడాలి

‘నాన్ టాక్సిక్’ అన్న మాట ఒక్కటే చాలదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దాని పక్కన ఏ ప్రమాణానికి లోబడిందో నంబరు ఉండాలి. మన దేశంలో ఆటబొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873. అందులో మూడో భాగం సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎంతవరకు బయటికి ఊరవచ్చో చెబుతుంది, ఏడో భాగం వేళ్ళతో పూసే రంగుల గురించి. ఐరోపా వాటికి ఈఎన్ 71, అమెరికా వాటికి ఏఎస్‌టీఎమ్ డీ 4236 అన్న నంబర్లు కనిపిస్తాయి. పేరు, చిరునామా, తయారీ తేదీ లేని రంగుల్ని ఎంత చౌకగా వచ్చినా వదిలెయ్యాలి. పసుపు, నారింజ రంగుల దగ్గర మరీ జాగ్రత్త. సీసం కలిసిన క్రోమేట్ రంగులు చవకగా వచ్చేది ఆ ఛాయల్లోనే.

ఇంటికి వేయగా మిగిలిన పెయింటు డబ్బాలను బడికి ఇచ్చేవాళ్ళుంటారు. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందరి డబ్బాలో ఏముందో తెలియదు. కొత్త డబ్బా అయినా ఎనామెల్ పెయింటులో టర్పెంటైన్ వంటి ద్రావకాలుంటాయి. పిల్లల చేతికి ఏదీ తగదు. పర్మనెంట్ మార్కర్లు, స్ప్రే పెయింట్లు, వైట్‌నర్ కూడా ఇంతే. స్కెచ్ పెన్ను మూతకు చివర చిల్లు ఉందో లేదో చూడండి. మూత గొంతులో అడ్డం పడినా గాలి ఆడటానికే ఆ చిల్లు. ఇక థర్మోకోల్. అలంకరణకు వాడే థర్మోకోల్‌పై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ప్రాజెక్టు పనికి దాన్ని తెమ్మని పిల్లల్ని పంపే బళ్ళు ఆ పని మానుకోవాలి, అట్టపెట్టెల అట్ట అంతకన్నా గట్టిగా నిలుస్తుంది.

ఎండ, వాన, బీరువా

చెన్నైలో సామగ్రికి ఇద్దరు శత్రువులు. మార్చి నుంచి ఎండ. రేకుల షెడ్డులో, గోడవారగా ఉన్న ఇనుప బీరువాలో పెట్టిన క్రేయాన్లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైన తెల్లటి పొర కనిపిస్తే బూజు అనుకుని పారేస్తారు. అది మైనం పైకి తేలడం మాత్రమే, గుడ్డతో తుడిస్తే పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది, క్రేయాన్ సరిగా పట్టదు, జిగురు ఆరదు, రంగు వేసిన బొమ్మలు సాయంత్రానికీ తడిగానే ఉంటాయి. పోస్టర్ కలర్ల పీరియడ్లను జులై–సెప్టెంబరు, జనవరి–మార్చి మధ్య పెట్టుకుని, వానల నెలల్లో క్రేయాన్లు, కత్తిరింపులు నడిపించండి. రీములను నేల మీంచి అడుగు ఎత్తున, చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంచాలి. నీళ్ళు చేరే వీధుల్లోని బళ్ళకు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము దానమివ్వడం రంగుల పెట్టెల కన్నా గొప్ప సాయం. పురుగులకని కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు. చిన్నపిల్లలకు అవి పిప్పరమెంట్లలా కనిపిస్తాయి.

వాతావరణం కన్నా బీరువా పెద్ద సమస్య. సామగ్రి వస్తుంది, స్టాక్ రిజిస్టర్‌లో చేరుతుంది, తాళం పడుతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళకు చూపించాలి, తగ్గితే సంజాయిషీ ఇవ్వాలి అన్న భయం టీచరుది. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఇచ్చేవాళ్ళే మార్గం చూపాలి. ఇచ్చే ఉత్తరంలో రెండు పట్టికలు వేరువేరుగా రాయండి. కత్తెరలు, బ్రష్షులు, డ్రమ్ము, డబ్బాలు నిలిచే వస్తువులు. కాగితం, క్రేయాన్లు, రంగులు, జిగురు, మట్టి వాడి ఖర్చుచేయవలసినవి, అవి ఈ విద్యాసంవత్సరంలోనే వాడి ముగించాలని కోరుతున్నాం అని ఒక వాక్యం చేర్చండి. ఆ కాగితం టీచరుకు రక్షణ.

డబ్బు పంచుకునే తీరు ఇలా ఉంటే నడుస్తుంది: నూరు రూపాయల్లో 40 కాగితానికి, 25 క్రేయాన్లకు, 20 పోస్టర్ కలర్లకు, బ్రష్షులకు, మిగతా 15 మట్టికి, జిగురుకు, కత్తెరలకు. మొత్తంలో మూడింట రెండు వంతులే జూన్‌లో ఖర్చుపెట్టి, మూడో వంతును నవంబరు దాకా చేతిలో ఉంచుకోవాలి. అప్పటికి ఏది అయిపోయిందో తేలుతుంది, అదే కొనాలి.

ఏం గీయమనాలి

సామగ్రి అంతా సరిగ్గా ఉన్నా, టీచరు బోర్డు మీద బొమ్మ వేసి చూసి వెయ్యమంటే ముప్ఫై కాగితాల మీదా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు, నాలుగు పక్షులు వస్తాయి. మెరీనాలో సముద్రంలోంచి పొడిచే సూర్యుణ్ణి చూసిన పిల్లలు కూడా కొండల మధ్యే వేస్తారు. కలరింగ్ పుస్తకం చేసేదీ ఇదే, బొమ్మ ఎవరిదో ముందే నిర్ణయమైపోతుంది. వాటిని పూర్తిగా నిషేధించాలని కాదు, గీత దాటకుండా రంగు నింపడం కూడా చేతికి ఒక కసరత్తే. దాన్ని చిత్రలేఖనం పీరియడ్‌గా లెక్కవేయకూడదు, అంతే. “నిన్న సాయంత్రం మీ వీధిలో ఏం చూశావు?”, “బడికి వచ్చే దారిలో ఎవరు ఎదురయ్యారు?” అని అడిగి కాగితం ఇవ్వండి. సౌకార్‌పేట ఆవులు, వ్యాసర్‌పాడి రైళ్ళు, చేపలబుట్ట, మెట్రో పనుల క్రేన్లు వస్తాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ఈ పీరియడ్ మరీ ముఖ్యం. తమిళనాడులో 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయ్యింది. మొదటి తరగతిలో చేరిన తెలుగు పిల్లకు కొన్ని నెలలు మాట తడబడుతుంది, బొమ్మ తడబడదు. బొమ్మ అయ్యాక “ఇందులో ఏం జరుగుతోంది?” అని అడిగి, పిల్ల చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే కాగితం వెనక, పేరు, తేదీతో సహా రాయాలి. తెలుగు రాని టీచరైతే వారానికి ఒక గంట సంఘం నుంచి ఎవరైనా వెళ్ళి రాసిపెట్టవచ్చు. దానం ఇచ్చే సంఘాలకు డబ్బు కన్నా కష్టమైన పని ఇదే, చాలా అవసరమైనదీ ఇదే. “చాలా బాగుంది”, “ఇదేంటి, కుక్కా?” అన్న రెండు మాటలూ మాత్రం వద్దు. మొదటిది విన్న పిల్ల అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ వేస్తుంది, రెండోది విన్న పిల్ల మానేస్తుంది. “ఇక్కడ ఇంత ఎరుపు వేశావే” అని కనిపించినదాన్ని చెబితే పిల్లే మిగతాది అందుకుంటుంది.

గోడకు అంటించే బొమ్మలు పిల్లల కళ్ళ ఎత్తులో, నేల నుంచి మూడడుగుల దగ్గర ఉండాలి. అందరివీ ఉండాలి, నెలనెలా మారాలి. తీసినవి పిల్లకొక పాత ఫైలులో పెట్టి ఏప్రిల్‌లో ఇంటికి పంపాలి. అదే వారం డబ్బాలన్నీ బల్ల మీద కుమ్మరించి మిగిలినవి లెక్కపెట్టండి. ఏ రంగు ముట్టుకోలేదో, ఏ రంగు డిసెంబరుకే అయిపోయిందో, కాగితం ఎన్ని రీములు మిగిలిందో ఒక పేజీలో రాసి హెడ్‌మాస్టర్‌కొక నకలు, సంఘానికొక నకలు ఇస్తే జూన్‌లో ఆండర్సన్ వీధికి పట్టుకెళ్ళాల్సిన చిట్టా అదే.